నీటి సీసాతో సముద్రంలోని చేపలను లెక్కించవచ్చా?

జువ్వలదిన్నె బోటు యజమాని:
నీటిలో చేపలు వదిలిన డీఎన్‌ఏను చదివి, అక్కడ ఏయే రకాలు తిరుగుతున్నాయో చెప్పే పద్ధతి వచ్చిందట. ఇక రేవుల్లో పట్టుబడి లెక్కలే అక్కరలేదని మా అబ్బాయి వాదన. మీరేమంటారు?

కావలి జీవశాస్త్రం టీచరు:
నేను అబ్బాయి పక్షమే అన్నా. చేప ఒంటి నుంచి జిగురు, పొలుసులు, మలం రాలుతూనే ఉంటాయి. లీటరో రెండు లీటర్లో నీటిని వడగట్టి, వడపోత కాగితానికి అంటినదాని నుంచి డీఎన్‌ఏ తీస్తారు. జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించిన మైఫిష్ ప్రైమర్లు, అంటే చేపల డీఎన్‌ఏను వెతికి అతుక్కునే చిన్న డీఎన్‌ఏ తునకలు, అందులోంచి దాదాపు 170 అక్షరాల చేప డీఎన్‌ఏ ముక్కను పట్టుకుంటాయి. వలకు చిక్కని చేపలూ ఇలా బయటపడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. ఆ 61 రోజులూ మరబోట్లు కదలవు, రేవులో లెక్కించడానికి పెద్దగా ఏమీ ఉండదు. నీళ్లు మాత్రం ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు.

కొత్తపట్నం విశ్రాంత మత్స్యశాఖ ఉద్యోగి:
టీచరు గారూ, నీళ్లు చెప్పేది పేరు ఒక్కటే. వంజరం పిల్లా, గుడ్లతో ఉన్న తల్లా? బుట్టెడా, బోటెడా? రేవులో చేప పొడవు కొలిచి, పొట్ట కోసి చూసినవాడికే అది తెలుస్తుంది. వేట ఎప్పుడు ఆపాలో తేల్చేదీ ఆ లెక్కే. పైగా రేవు దగ్గర నీళ్లు ముంచితే, ఆడవాళ్లు చేపలు కడిగిన నీళ్లూ అందులో కలిసే ఉంటాయి. నెల్లూరు చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె డీఎన్‌ఏ కాలువల వెంట వచ్చి సముద్రపు జాబితాలోకి ఎక్కితే ఎవరు నమ్ముతారు?

కావలి జీవశాస్త్రం టీచరు:
ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే తీరానికి దూరంగా, రకరకాల లోతుల్లో నీళ్లు తీయాలి. శుద్ధమైన నీటినీ అదే పరికరంతో వడగట్టి, బయటి డీఎన్‌ఏ ఏదైనా చొరబడిందేమో చూడాలి. సముద్రంలో డీఎన్‌ఏ సాధారణంగా కొన్ని రోజుల్లోనే చెదిరిపోతుంది కాబట్టి పాత జాడలు పేరుకుపోవు. కానీ దగ్గరి బంధువులైన ట్యూనా జాతులను ఆ చిన్న ముక్క విడదీయలేదు. అన్నిటికంటే పెద్ద లోటు మరొకటి: పేరు తెలిసిన చేప నుంచి ముందే తీసి దాచిన డీఎన్‌ఏ లేకపోతే, నీటిలో దొరికిన ముక్కను దేనితో పోలుస్తాం?

కొత్తపట్నం విశ్రాంత మత్స్యశాఖ ఉద్యోగి:
నేను చెబుతున్నదీ అదేనమ్మా. ఆ చేప దొరికేది రేవులోనే.

జువ్వలదిన్నె బోటు యజమాని:
అయితే నిషేధం ముగిశాక నా బోటులో ఒకరికి చోటిస్తాను, నీళ్లు తీసుకోండి. పేరు తెలియక పారబోసే చిన్న చేపలను కూడా విడిగా ఐసులో పెట్టి తెస్తాను. మత్స్యశాఖలో చేసిన పెద్దాయన వాటికి పేర్లు చెప్పాలి.