మందు మీద మందు: సోరియాసిస్ ఉన్నవాళ్ళు తాగితే ఏమవుతోంది?

తొమ్మిదేళ్ళ_పొలుసు: మోచేతులు, మోకాళ్ళు, తల. నా ఒంటి మీద ఈ పొలుసుల చర్మవ్యాధి స్థావరాలు ఇవీ. శనివారం రాత్రి రెండు బీర్లు తాగితే సోమవారానికి మోచేతి మచ్చల అంచు ఎర్రబడుతోంది. నా భ్రమా, లేక మీకూ ఇంతేనా?

గోళ్ళ_దొర: భ్రమ కాదండీ. నాకైతే సోమవారం దాకా కూడా ఆగదు. రెండో గ్లాసు పూర్తికాకముందే మెడ వేడెక్కి దురద మొదలవుతుంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కదా. ఇక ఆ రాత్రంతా నిద్రలో గోకుడే. తెల్లారేసరికి దుప్పటి నిండా తెల్లటి పొట్టు, గోళ్ళ కింద ఎండిన రక్తం. గోకి గాయమైన చోట కొత్త మచ్చ లేవడం ఈ జబ్బుకున్న గుణమే, కోబ్నర్ లక్షణం అంటారు. కాబట్టి నా లెక్కలో సగం తప్పు సీసాది, సగం నా గోళ్ళది.

నిదానం: నాకు అంత సూటిగా కనిపించలేదు. మూడు నెలలు పుస్తకంలో రాసుకున్నాను: ఎంత తాగాను, ఎంతసేపు పడుకున్నాను, మచ్చలు ఎలా ఉన్నాయి. చివరికి తేలిందేమిటంటే, తాగిన రాత్రి ఒక్కసారి కూడా పూత మందు రాసుకోలేదు! తూలుతూ వచ్చి వీపుకు శ్రద్ధగా మందు రాసుకునే పుణ్యాత్ములు ఎవరైనా ఉంటే చెప్పండి.

చదువరి: 2010లో అమెరికా నర్సుల మీద వచ్చిన అధ్యయనంలో (లైట్ కాని) మామూలు బీరు తాగే స్త్రీలలో సోరియాసిస్ కొత్తగా రావడం ఎక్కువగా కనిపించింది. వైన్, విస్కీ వంటివాటితో ఆ సంబంధం కనబడలేదు. అది జబ్బు మొదలవడం గురించి మాత్రమే. ఉన్న జబ్బు ముదరడానికి దీన్ని సాక్ష్యంగా తెచ్చి, విస్కీకి మారిపోకండి.

రెండో_అవకాశం: ఇంతకీ మాత్రలేమైనా వాడుతున్నారా? నేను సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్ర వాడేటప్పుడు, తాగుతారా అని డాక్టరు గారు అడిగితే "అప్పుడప్పుడు" అన్నాను. ఆ అప్పుడప్పుడు వారానికి నాలుగు రోజులు. ఆ మాత్ర, మద్యం రెండూ కాలేయం మీదే పడతాయి. రక్తపరీక్షలో ఎంజైములు పెరిగాయి, మాత్ర ఆపేశారు. రెండు నెలల్లో వీపంతా మళ్ళీ పొలుసులు.

నీలిగోరింట: ఆడవాళ్ళకు ఇంకొక మాట. సోరియాసిస్‌కే ఇచ్చే అసిట్రెటిన్ అనే మాత్ర వాడుతూ తాగితే ఆ మందు ఒంట్లో ఎట్రెటినేట్‌గా మారుతుంది, అది కొవ్వులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. గర్భంలోని బిడ్డకు ప్రమాదం. అందుకే మాత్ర ఆపాక కూడా రెండు నెలలు చుక్క ముట్టవద్దని, మూడేళ్ళు గర్భం రాకుండా చూసుకోమని నాకు చెప్పారు. ఈ సంగతి తెలిశాక నేను ఆ మాత్రే వద్దన్నాను.

తొమ్మిదేళ్ళ_పొలుసు: నాలుగు నెలలుగా మెథోట్రెక్సేటే. ఆదివారం మాత్ర, శనివారం బీరు. మాత్రను బుధవారానికి మార్చుకుంటే?

రెండో_అవకాశం: నేనూ ఆ తెలివే ఉపయోగించాను. మాత్ర వారానికొకటే అయినా అందులోని మందు కాలేయ కణాల్లో నిలవ ఉంటుందట. మాత్ర వేసుకునే రోజు మార్చినంత మాత్రాన అది ఖాళీ అయిపోదు. మాత్ర మీ అంతట మీరు ఆపకండి, ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు చెప్పండి.

తొమ్మిదేళ్ళ_పొలుసు: ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. తిట్టలేదు, వారానికి ఎన్ని అని మాత్రం రెండుసార్లు అడిగారు. రేపు ఉదయం రక్తపరీక్ష. ఫ్రిజ్‌లో మిగిలిన రెండు సీసాలను తమ్ముడు పట్టుకుపోయాడు.