కాఫ్ పౌడర్ వస్తోంది, ఎక్స్‌ఆర్‌డీలో పీక్ రావట్లేదు

గాజుగొట్టం:
టీఏపీబీ అనే అమీన్, టెరెఫ్తాలాల్డిహైడ్‌తో ఇమీన్ (కార్బన్-నైట్రోజన్ జంట బంధం) కాఫ్ చేస్తున్నా. కాఫ్ అంటే కోవలెంట్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, క్రమంగా రంధ్రాలుండే సేంద్రియ జాలకం. డయాక్సేన్, మెసిటిలీన్, అసిటిక్ యాసిడ్. లిక్విడ్ నైట్రోజన్‌లో మూడుసార్లు గడ్డకట్టించి గాలి లాగేసి, ట్యూబు సీల్ చేసి, 120 డిగ్రీల దగ్గర 3 రోజులు. పసుపు పౌడర్ బాగానే వస్తోంది, ఐఆర్ స్పెక్ట్రంలో ఇమీన్ బంధం కూడా ఉంది. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటిక క్రమం చూపే ఎక్స్-రే పరీక్ష) మాత్రం 20 డిగ్రీల దగ్గర ఒక బోర్లించిన గిన్నె, అంతే. "అమార్ఫస్ (క్రమం లేనిది), మళ్లీ చెయ్" అంటున్నారు మా సార్. ఇది ఆరో ట్యూబు.

మూడో ఏడు:
స్కాన్ ఎక్కణ్ణుంచి పెట్టారు?

గాజుగొట్టం:
5 డిగ్రీల నుంచి. ఆపరేటర్ ఎప్పుడూ అదే పెడతాడు.

మూడో ఏడు:
అదీ సంగతి. కాపర్ ఎక్స్-రే సోర్స్‌తో ఈ కాఫ్ మెయిన్ పీక్ 2.8 దగ్గర వస్తుంది. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ పీక్ ఎడమకు జరుగుతుంది. 2 నుంచి పెట్టమనండి. నేనూ ఇలాగే ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నా.

తడిముద్ద:
ఎలా ఆరబెట్టారో కూడా చెప్పండి.

గాజుగొట్టం:
మిథనాల్‌తో కడిగి, రాత్రంతా వాక్యూమ్ ఓవెన్‌లో.

తడిముద్ద:
అయ్యో! టీఏపీబీ కాఫ్ చాలా సున్నితం. సాల్వెంట్ ఆరిపోతూ దాని తలతన్యతతో రంధ్రాల గోడల్ని లోపలికి లాగేస్తుంది. ట్యూబు పగలగొట్టగానే తడి ముద్దనే ఒకసారి ఎక్స్‌ఆర్‌డీకి ఇవ్వండి. తడిగా ఉన్నప్పుడు పీక్ ఉండి, ఆరాక పోతే తప్పు రియాక్షన్‌ది కాదు. చివర్లో హెక్సేన్‌కు మార్చి నైట్రోజన్ గాలికి ఆరబెట్టండి. తలతన్యత లేని సూపర్‌క్రిటికల్ సీఓ2 దొరికితే ఇంకా మంచిది.

నీటిబొట్టు:
నేను అతిజాగ్రత్తకు పోయి సాల్వెంట్లన్నీ ఎండబెట్టా, జిగురు జెల్ వచ్చింది. తప్పుగా పడ్డ బంధం ఊడి మళ్లీ సరిగ్గా పడాలంటే కాస్త నీళ్లు ఉండాల్సిందే.

పుణె దారి:
విసుగొస్తే టీపీపీఏ-1 అనే ఇంకో కాఫ్ చేసి చూడండి. 2012లో పుణె ఎన్‌సీఎల్ (నేషనల్ కెమికల్ లాబొరేటరీ)లో రాహుల్ బెనర్జీ బృందం చేసింది. ఇమీన్ పడ్డాక ఈనాల్ రూపం కీటో రూపంలోకి మారి, బంధం ఇక ఊడకుండా తాళం పడిపోతుంది, 9 నార్మల్ గాఢత ఉన్న హెచ్‌సీఎల్‌నీ తట్టుకుంటుంది. కానీ తాళం పడ్డాక దిద్దుబాటు కష్టం, పీక్‌లు కాస్త వెడల్పుగానే వస్తాయి. దాని మెయిన్ పీకూ 4.7 దగ్గరే, 5 నుంచి స్కాన్ చేస్తే అదీ దొరకదు!

గాజుగొట్టం:
పాత సీసాలన్నీ బయటికి తీసి 2 నుంచి స్కాన్ చేయించా. రెండో ట్యూబులో 2.8 దగ్గర చిన్న పీక్ ఉంది, మిగతావాటిలో ఏమీ లేదు. ఏడోది శుక్రవారం తెరుస్తా, తడి ముద్దకు స్లాట్ బుక్ చేశా.