అప్‌డేట్: పాత పుస్తకాల ముక్క వాసన పోయింది, పురుగుల సంగతీ తేలింది

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పుస్తకాలకి ముక్క వాసన, పేజీల నిండా గోధుమరంగు మచ్చలు, అట్ట మడతలో పాకే తెల్లటి నలుసుల్లాంటి పురుగులు, ఏం చేయాలని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

పాత పుస్తకాలు బాగుచేసే బైండర్‌కి చూపించాను. ఆయన మచ్చ మీద వేలితో రాసి చూశారు. నూగు లేదు, పొడి రాలలేదు. బూజు కాదు, పాత కాగితానికి వచ్చే మచ్చలే, వదిలేయమన్నారు. ఆ పురుగులు చెదలు కావు, బుక్‌లైస్ అనే సన్నటి పుస్తకాల పురుగులు. ఇవి ముఖ్యంగా తేమకి పట్టే సన్నటి బూజు తిని బతుకుతాయి. గాలిలో తేమ 50 శాతం లోపుకి దిగితే ఎండిపోయి చస్తాయి. అంటే మందు కొట్టే పనే లేదు.

వాసనకి పనిచేసింది వంటసోడా సలహా. ముందు పుస్తకాలని విసనకర్రలా విప్పి ఫ్యాను కింద నిలబెట్టాను. తర్వాత మూత బిగుతుగా ఉండే డబ్బాలో అడుగున గిన్నెడు సోడా, దానిపైన జల్లెడ, జల్లెడ మీద పుస్తకాలు. సోడా కాగితానికి తగలకూడదు. ఓపిక పట్టాలి, మొదట్లో ఏ తేడా తెలియదు.

ఎండలో పెట్టలేదు. చౌక కాగితంలో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, ఎండకి ఇంకా పసుపెక్కుతుంది. పురుగులు చావడానికి పుస్తకాలని ఫ్రీజర్‌లో పెట్టే అవసరమే పడలేదు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దు బాబోయ్, ముక్క వాసన పోయి మరుగుదొడ్డి వాసన పట్టుకుంటుంది!

మార్జిన్లలో పెన్సిల్ రాతలు చెరిపేయమన్నారొకరు. చెరపను. ఒకదాంట్లో ఎవరో పేజీపేజీకీ రచయితతో తగువు పెట్టుకున్నారు, అసలు పుస్తకం కన్నా అదే బాగుంది. ఇప్పుడు కొత్తగా తెచ్చినవేవీ నేరుగా షెల్ఫ్ ఎక్కట్లేదు, ముందు డబ్బాలోకే.