‘ఒషి’ని ‘అభిమాన తార’ అనవచ్చా?

ప్రశ్న: జపాన్ ఐడల్ బృందాల (పాటలు, నృత్యాలతో అలరించే యువ తారల బృందాల) అభిమానుల గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. ‘ఒషి’ అనే మాట అడుగడుగునా వస్తోంది. ‘అభిమాన తార’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: విషయం అందుతుంది కానీ మాటలోని బలం పోతుందండీ. దీనికి మూలం ‘ఒసు’ అనే క్రియ. ముందుకు తేవడం, ఫలానావారు తగినవారని నలుగురికీ సిఫారసు చేయడం దాని అర్థాలు. మనకు ‘ఆడు’ నుంచి ‘ఆట’ వచ్చినట్లు ‘ఒసు’ నుంచి ‘ఒషి’ వచ్చింది. చేసే పనికి పేరైన మాట, ఆ పని ఎవరి కోసం చేస్తున్నామో ఆ మనిషికే పేరుగా మారింది. ‘తార’ అంటే అభిమాని కింద నిలబడి చూసేవాడే అవుతాడు. ‘ఒషి’ అంటే ఆ ఐడల్‌ను పైకి తెచ్చే బాధ్యత అభిమానిది.

ఆ బాధ్యతను అభిమానులు నిజంగానే మోశారు. టోక్యోలోని అకిహబరలో 2005లో మొదలైన ఏకేబీ48 బృందం 2009 నుంచి 2018 వరకు ఏటా అభిమానులతో ఎన్నికలు జరిపించింది. కొన్న సీడీతో ఓటు చీటీ వచ్చేది. తర్వాతి పాటలో ఎవరికి చోటు, ఎవరు మధ్యలో నిలబడాలి అన్నది ఆ ఓట్లే తేల్చేవి. తమ ఒషి కోసం ఒకే సీడీని గుట్టలుగా కొన్నవారున్నారు.

ఈ మాటకు పెద్ద కుటుంబమే ఉంది. ‘హకో’ అంటే పెట్టె. బృందం మొత్తాన్నీ ఇష్టపడితే ‘హకో-ఒషి’. ఒక్కరికే కట్టుబడితే ‘తన్-ఒషి’. మనసు మరొకరి మీదికి మళ్లితే ‘ఒషి-హెన్’. అందరూ ఇష్టమే అనేవారిని కాస్త దెప్పుతూ ‘డీడీ’ అంటారు. నాకు వీటన్నిటికన్నా పదునుగా తోచేది ‘తకాయి’. బృందాన్ని వీడే గాయని ‘సొత్సుగ్యో’ చేసిందంటారు, అంటే చదువు ముగించి పట్టా పుచ్చుకున్నట్లు. అభిమానం వదిలేసినవారు మాత్రం ‘తకాయి’, అంటే పరలోకం చేరినట్లే!

ప్రశ్న: ‘షియో-తైయో’ అంటే ఉప్పు స్పందన అని చూశాను. ఉప్పు అనగానే మనకు విశ్వాసం, రోషం గుర్తొస్తాయి. ఇక్కడ దేన్ని తీసుకోవాలి?

జవాబు: రెండూ వద్దు. ఐడల్‌తో చేయి కలిపే సభల్లో అభిమానికి దక్కేది కొన్ని క్షణాలే. అప్పుడు పొడిపొడిగా పలికి పంపేస్తే ‘షియో-తైయో’. ఆప్యాయంగా పలకరిస్తే ‘కమి-తైయో’. ‘కమి’ అంటే దేవుడు. మొదటిదానికి ‘ముభావం’ చక్కగా సరిపోతుంది.

‘ఒషి’ని మాత్రం అలాగే ఉంచి, తొలిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి. ముందు ముందు మీకు ‘ఒషికత్సు’ కూడా తగులుతుంది. ఒషి కోసం చేసే పనులన్నిటికీ కలిపి ఆ పేరు. 2021లో జపాన్ కొత్త మాటల పురస్కారానికి పరిశీలించిన జాబితాలో అదీ ఉంది. ఉద్యోగ వేటను ‘షూకత్సు’, పెళ్లి సంబంధాల వేటను ‘కొన్‌కత్సు’ అన్నట్లే ఇదీ పుట్టింది. ‘అభిమాన తార’ అని మొదలుపెడితే అక్కడికి వచ్చేసరికి వాక్యం నడవదు.