మధ్య పదం విడగొట్టడం మా పాపకి కుదరడం లేదు

కావలి అమ్మ:
పాప టెన్త్. 6ఎక్స్² + 11ఎక్స్ − 35 = 0 దగ్గర నిన్న రాత్రి అరగంట కూర్చుని, మధ్యలోని 11ఎక్స్‌ని విడగొట్టడానికి ఏ రెండు సంఖ్యలు పట్టుకోవాలో తెలియక ఏడ్చేసింది. ట్యూషన్‌లో సూత్రం బట్టీ పట్టమంటున్నారట. మీ పిల్లలకి ఎలా నేర్పారు?

ఒంగోలు లెక్కల టీచర్:
అమ్మా, ముందు విచక్షణి, అంటే బి² − 4ఏసీ, కట్టమనండి. 11 వర్గం 121. దానికి 4 × 6 × 35 కలపాలి, చివరి పదం మైనస్ కాబట్టి. మొత్తం 961, అంటే 31 వర్గం. ఇలా పరిపూర్ణ వర్గం వస్తేనే మధ్య పదం పూర్ణసంఖ్యలుగా విడిపోతుంది. రాకపోతే వెతకడం దండగ, సూత్రం వాడాలి. 31 తెలిశాక వెతుకులాటే అక్కర్లేదు: 11కి 31 కలిపి సగం చేస్తే 21, 11లోంచి 31 తీసి సగం చేస్తే −10. మధ్య పదం 21ఎక్స్ − 10ఎక్స్.

అల్లూరు రైతు:
మా అబ్బాయికి మడి గీసి చెప్పానండీ. మడి వెడల్పు కంటే పొడవు 30 మీటర్లు ఎక్కువ, విస్తీర్ణం 4000 చదరపు మీటర్లు, అంటే ఎకరాకి కాస్త తక్కువ. ఎక్కువున్న 30 మీటర్ల ముక్కని నిలువునా రెండు 15 మీటర్ల పట్టీలు చేసి, ఒకటి అక్కడే ఉంచి, రెండోది పక్క గట్టుకి ఆనించాలి. చతురస్రానికి ఒక మూల తగ్గుతుంది: 15 × 15 = 225. అదీ కలిపితే 4225, అంటే 65 వర్గం. 65లోంచి 15 తీస్తే వెడల్పు 50, పొడవు 80. ‘వర్గం పూర్తి చేయడం’ అంటే ఆ మూల పూడ్చడమేనని వాడికి అప్పుడే అర్థమైంది.

చీమకుర్తి డిగ్రీ కుర్రాడు:
భిన్నాలంటే భయమైతే పాతకాలపు గణితవేత్త శ్రీధరాచార్యుడి పద్ధతి చూడండి అక్కా. భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’ గ్రంథంలో దాన్ని ఉటంకించాడు. మొదటి గుణకానికి నాలుగు రెట్లతో, ఇక్కడ 24తో, అంతా గుణించాలి. రెండు వైపులా 11 వర్గం కలిపి సర్దితే (12ఎక్స్ + 11)² = 961. మూలాలు 5/3, −7/2.

కావలి అమ్మ:
మడి బొమ్మ నేల మీద సుద్దముక్కతో గీసింది, లెక్క తేలింది! కానీ మడి లెక్కలో −80 కూడా వచ్చిందట. అది వదిలేసి, ఇక్కడ −7/2 ఎందుకు ఉంచాలంటోంది.

ఒంగోలు లెక్కల టీచర్:
మంచి ప్రశ్న అడిగింది. మడి వెడల్పు మైనస్ ఉండదు కాబట్టి −80 తీసేస్తాం. ఉత్త సమీకరణానికి ఆ షరతు లేదు, రెండు మూలాలూ రాయాలి. ఒకటే రాస్తే మార్కు పోతుంది.