అప్‌డేట్: ‘టు హియర్’ కాదు, ‘టు హియరింగ్’

పోయిన వారం అడిగాను కదా, మెయిల్ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని రాయాలా, ‘టు హియరింగ్’ అనా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ‘హియరింగ్’ అన్నవాళ్లదే కరెక్ట్.

నా గొడవంతా ఆ ‘టు’తోనే. ‘టు’ తర్వాత వీ వన్ (క్రియ అసలు రూపం) రావాలని స్కూల్లో బట్టీ కొట్టించారు, ‘ఐ వాంట్ టు గో’ లాగా. అది వేరే ‘టు’ అట. ఇక్కడిది ప్రిపోజిషన్, అంటే నామవాచకం ముందు వచ్చే మాట. క్రియ తీసేసి ఆ చోట నామవాచకం పెట్టి చూడమని మీలో ఒకరు చెప్పారు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ద మీటింగ్’ హాయిగా కుదిరింది. ‘ఐ వాంట్ టు ద మీటింగ్’ అంటే ఎవరైనా నవ్వుతారు. అంటే నామవాచకం పట్టే చోట క్రియ పెట్టాలంటే దానికి ఐఎన్‌జీ తగిలించాల్సిందే.

‘యూజ్డ్ టు’ దగ్గర మళ్లీ కాసేపు తికమకపడ్డాను. ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు రాత్రిళ్లు పనిచేసేవాణ్ణి. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అంటే రాత్రి పని నాకు అలవాటే. ఈ రెండోదే మన ‘టు’.

తర్వాత సెంట్ ఫోల్డర్ తెరిచాను. పదిహేడు మెయిళ్లు, అన్నిట్లో ‘టు హియర్’! ఒకే కవర్ లెటర్‌ని కాపీ పేస్ట్ చేసుకుంటూ పోయాను మరి. నిన్న పద్దెనిమిదోది సరిగ్గా రాసి పంపాను. అందులో కంపెనీ పేరు మార్చడం మర్చిపోయాను, అది వేరే సంగతి.