చుక్కల ఆటలో చివరి రెండు గళ్ళు వదిలేయడం తెలివా, దొంగాటా?

పెన్సిల్‌ముక్క: నిన్న కరెంటు పోతే ఐదో క్లాసు చదివే మా మేనల్లుడితో చుక్కల ఆట ఆడాను. చుక్కల మధ్య వంతులవారీగా గీతలు గీయాలి, గడి పూర్తి చేసినవాడిదే ఆ గడి, వెంటనే ఇంకో గీత కూడా వాడే గీయాలి. 16 చుక్కలు, 9 గళ్ళు. చివరికి ఒకదాని వెంట ఒకటి పట్టేయగల గళ్ళ వరసలు రెండు మిగిలాయి, ఒకటి 4 గళ్ళది, ఇంకొకటి 5 గళ్ళది. నా వంతు, గత్యంతరం లేక 4 గళ్ళ వరసలో గీత గీసి దాన్ని తెరిచాను. వాడు రెండు గళ్ళు తీసుకుని, అవతలి చివర గీత గీసి "మిగతా రెండూ నీకే మామయ్యా" అన్నాడు. తీసుకున్నాను. తర్వాత 5 గళ్ళ వరస నేనే తెరవాల్సి వచ్చింది. 7-2. గడి పూర్తయ్యేలా ఉంటే పూర్తి చేయాల్సిందే కదా?

లెక్కలపిచ్చి: అలాంటి రూలేం లేదు. ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకా 1889లోనే ఈ ఆట గురించి రాశాడు. అమెరికన్ గణితవేత్త ఎల్విన్ బెర్లెకాంప్ 2000లో దీని మీద ఏకంగా ఓ పుస్తకమే వేశాడు, అందులో అసలు కీలకం ఈ ఎత్తే. మీవాడు ఆశపడి నాలుగూ తీసుకుంటే 5 గళ్ళ వరస తనే తెరిచి 4-5తో ఓడేవాడు. రెండు వదిలి ఐదు పట్టాడు.

బ్యాక్‌బెంచి: మేం నోట్సు చివరి పేజీలో ఆడేవాళ్ళం. వీపు మీద దెబ్బలు కూడా గుర్తొచ్చాయి 😀

పెన్సిల్‌ముక్క: పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి. మా ఊళ్ళో గడి వస్తే తీసుకోవాల్సిందే. మా అన్నయ్య కూడా ఇలాగే ఆట మధ్యలో రూల్స్ మార్చేవాడు.

లెక్కలపిచ్చి: మీ అన్నగారి గొడవ ఇక్కడెందుకు? గడి పూర్తి చేస్తే ఇంకో గీత గీయాలి, అంతే. ఆ గీత ఎక్కడ గీయాలో ఎవరూ చెప్పలేదు.

గీతలరాత: 16 చుక్కల్లో పొడుగు వరసలు (మూడు, అంతకంటే ఎక్కువ గళ్ళవి) రెండు మిగిలితే సాధారణంగా ఆట మొదలుపెట్టినవాడిదే గెలుపు. అబ్బాయే మొదలుపెట్టాడా?

పెన్సిల్‌ముక్క: అవును. చిన్నవాడు కదా అని నేనే ముందు గీయమన్నాను.

లెక్కలపిచ్చి: అదీ సంగతి! ఓడిపోయి ఇప్పుడు రూల్స్ పుట్టిస్తున్నారు.

పెన్సిల్‌ముక్క: ఓడినందుకు కాదండీ బాబూ. ఆ రెండు గళ్ళూ వాడు నా మీద జాలిపడి ఇచ్చాడనుకున్నాను. "థాంక్స్ రా" అని కూడా అన్నాను. వాడు నవ్వాడు. మీకు అర్థం కాదులెండి, మీరు ఇంట్లో పిల్లలతో కూడా లెక్కలు వేసుకునే ఆడతారు.

లెక్కలపిచ్చి: ఆడతాను. పిల్లలని చెప్పి కావాలని ఓడిపోతే వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. మా అమ్మాయి ఒకసారి కాగితం చింపేసింది కూడా. మీవాడు మిమ్మల్ని సమానంగా చూసి ఆడాడు. మీరేమో జాలి కోసం చూశారు.

పెన్సిల్‌ముక్క: పదేళ్ళవాడికి అప్పుడే నాతో సమానం దేనికండీ?

బ్యాక్‌బెంచి: ఇంతకీ రెండో ఆట ఎవరు గెలిచారు?

పెన్సిల్‌ముక్క: ఆడలేదు. కరెంటు వచ్చేసింది, వాడు టీవీ ముందుకి వెళ్ళిపోయాడు.